షేర్ చేశామంటే పూచీ పడ్డట్టే

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పాత క్లాస్‌మేట్లంతా కలిసి పెట్టుకున్న గ్రూపు, దాదాపు 200 మంది. వారానికి రెండు మూడు సాయం పోస్టులు వచ్చేవి, అందరూ తలా ఒక చెయ్యి వేసేవాళ్ళు. మొన్నామధ్య ఒకాయన పెట్టిన వైద్య సాయం పోస్టు బూటకమని తేలింది. డబ్బు పోయింది, ఆపైన గ్రూపులో ఉలుకూ పలుకూ లేకుండా పోయింది. ఇప్పుడు ఎవరేం పెట్టినా చేతులు జోడించిన బొమ్మలు వస్తున్నాయే తప్ప పైసా కదలడం లేదు. 'అసలు ఇలా షేర్ చేసుకోవడం వల్ల ఎవరికైనా ఒరిగేదేమైనా ఉందా? ఉంటే మళ్ళీ ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?' అని అడిగారు.

ఒరుగుతుందండీ, చాలా ఒరుగుతుంది. పదేళ్ళకు పైగా ఇలాంటి గ్రూపు ఒకటి చూసుకుంటున్నాను. అందులో కోటీశ్వరులెవరూ లేరు. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు, చదువుకునే పిల్లలు, రిటైరైనవాళ్ళు. ఆ చేతులతోనే ఆపరేషన్లు చేయించాం, ఫీజులు కట్టాం, తుఫానులో పడిపోయిన ఇళ్ళు మళ్ళీ లేపాం. అందుకే మీ గ్రూపు మూగబోయిందంటే నాకు బాధగా ఉంది. కాస్త వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

సాయం పోస్టు షేర్ చేయడమంటే కబురు అందించడమని చాలామంది అనుకుంటారు. మొదట్లో నేనూ అలాగే అనుకునేదాన్ని. ఆ పోస్టు చూసే మనిషి మాత్రం అలా చూడడు. 'ఫలానా ఆవిడ పెట్టింది కాబట్టి నిజమే అయ్యుంటుంది' అనుకుంటాడు. రోగి ఎవరో అతనికి తెలియదు, తెలిసింది మీరు. మీ ముఖం చూసి ఇస్తున్నాడు. అప్పు పత్రం మీద సంతకం పెట్టకపోయినా మీరు అక్కడ పూచీ పడ్డట్టే. మీ గ్రూపులో దెబ్బతిన్నది ఆ పూచీ. ముందు దాని సంగతి చూసుకుంటే డబ్బు గురించి మీరు పెద్దగా ఆలోచించక్కర్లేదు.

ఇది నాకు ఎలా తెలిసొచ్చిందో చెప్తాను. గ్రూపు మొదలెట్టిన కొత్తలో ఒక పాప ఫొటో వచ్చింది. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, చేతికి ప్లాస్టరు వేసి బిగించిన సూది, పక్కలో గుడ్డతో కుట్టిన కుందేలు బొమ్మ. 'రెండు రోజుల్లో ఆపరేషన్, దయచేసి షేర్ చేయండి' అని రాసి కింద వాళ్ళ నాన్న ఫోన్ నంబరు ఇచ్చారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వెంటనే షేర్ చేశాను. నన్ను చూసి ఇంకో 40 మంది దాకా షేర్ చేశారు. ఎంత తక్కువ పడిందో కనుక్కుందామని ఆ రాత్రి ఆ నంబరుకు ఫోన్ చేశాను. అవతల ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, 'పాప పోయి 14 నెలలైందమ్మా. ఫోన్లు మాత్రం ఆగడం లేదు' అన్నారు. నంబరు మార్చుకోబుద్ధి కాలేదని కూడా ఆయనే చెప్పారు. పాపకి నోటికి వచ్చిన నంబరు అదొక్కటేనట.

అక్కడ మోసం ఏమీ లేదు. రాసిన రోజున ఆ పోస్టులో ప్రతి అక్షరం నిజమే. దానిమీద తేదీ లేదు, అంతే. అయిపోయిందని ఎవరూ రాయలేదు. ప్రాణం పోయిన బిడ్డ గురించి 'పాపకి ఎలా ఉంది' అని రోజూ ఎవరో ఒకరు ఆ తండ్రిని అడుగుతూనే ఉన్నారు, ఆ రోజు అడిగింది నేను. మా గ్రూపులో మొదటి నియమం ఆ రాత్రే పుట్టింది: తేదీ లేని పోస్టు, ఎప్పుడు ఆపాలో చెప్పని పోస్టు మా దగ్గర కదలదు.

నిజమా కాదా అని కనుక్కోవడమంటే అదేదో పోలీసు పని అనుకుని చాలామంది వెనక్కి తగ్గుతారు. చాలాసార్లు ఒక్క ఫోన్ కాల్‌తో తేలిపోతుంది. ఎటొచ్చీ ఆ కాల్ పోస్టులో ఇచ్చిన నంబరుకు కాకుండా మీరు సొంతంగా వెతికి పట్టుకున్న నంబరుకు చేయాలి. ఆస్పత్రి అయితే వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు చేసి బిల్లింగ్ విభాగానికి కలపమనండి. రోగి వివరాలు అడిగితే వాళ్ళు చెప్పరు, చెప్పకూడదు కూడా. అందుకని ప్రశ్న మార్చి అడగాలి. 'ఈ రిజిస్ట్రేషన్ నంబరు మీద బిల్లు డబ్బు నేరుగా మీకే కట్టొచ్చా?' అనండి. కట్టొచ్చన్నారంటే సగం అనుమానం తీరినట్టే, పైగా డబ్బు చేరాల్సిన చోటికే చేరుతుంది. అలాంటి నంబరే మా దగ్గర లేదన్నారంటే మీరు వెతుకుతున్న జవాబు దొరికేసింది.

ఇంకా చూడాల్సినవి ఉన్నాయి. ఫొటోని గూగుల్ లెన్స్‌లో వేస్తే అదే బొమ్మ వేరే పేరుతో, వేరే జబ్బుతో ఎక్కడైనా తిరుగుతోందేమో బయటపడుతుంది. బిల్లు స్క్రీన్‌షాట్‌ని పెద్దది చేసి అంకెల దగ్గర ఆగండి. దిద్దినచోట అక్షరం తీరు మారిపోతుంది. ఖాతా ఎవరి పేరున ఉంది, ఆ మనిషి రోగికి ఏమవుతారు అన్నది తప్పకుండా అడగండి. అన్నిటికన్నా నాకు బాగా పనికొచ్చింది వెనక్కి నడవడం. 'మీకు ఇది ఎవరు పంపారు?' అని ఒక్కొక్కరినీ అడుగుతూ పోతే మూడు నాలుగు మెట్లలో ఆ కుటుంబాన్ని స్వయంగా ఎరిగినవాళ్ళు తగలాలి. తగల్లేదంటే ఆగిపోండి. నిజంగా కష్టంలో ఉన్నవాళ్ళు ఈ ప్రశ్నలకు సాధారణంగా నొచ్చుకోరు, ఎవరో పట్టించుకున్నారని ఊరట పడతారు. (నాలుగు రాత్రులు నిద్ర లేనివాళ్ళు ఒక్కోసారి కసురుతారు. దాన్ని మనసులో పెట్టుకోకూడదు, మర్నాడు మళ్ళీ చేయాలి.)

2017లో అమెరికాలో జరిగింది చూడండి. పెట్రోలు అయిపోయి రోడ్డు మీద చిక్కుకున్న ఒకామెకు ఇల్లూ వాకిలీ లేని మనిషి ఒకడు తన దగ్గరున్న ఆఖరి 20 డాలర్లు ఖర్చుపెట్టి పెట్రోలు తెచ్చిచ్చాడని, అతనికో గూడు ఏర్పాటు చేద్దామని ఇంటర్నెట్‌లో విరాళాలు పోగుచేసే గోఫండ్‌మీ అనే సైటులో పేజీ పెట్టారు. 14,000 మందికి పైగా స్పందించి 4 లక్షల డాలర్లు దాటించారు. పెట్రోలు కథ మొత్తం అల్లిందేనని మరుసటి ఏడాది తేలింది. పేజీ తెరిచిన గంటలోపే ఆమె ఆ మాట తనకు తెలిసినవాళ్ళకు మెసేజ్ పెట్టిందని ప్రాసిక్యూటర్లు బయటపెట్టారు. దాతలకు గోఫండ్‌మీ డబ్బు వెనక్కి ఇచ్చింది. ఆ 14,000 మందిని తెలివితక్కువ వాళ్ళని నేను అనుకోను. వినగానే మనసుకు పట్టేలా అమరిన కథ అది. కథ మరీ అందంగా అమరినప్పుడే నేను ఇంకో కాల్ ఎక్కువ చేస్తాను. మీ గ్రూపులో ఆ పోస్టు పెట్టినాయన కూడా అలా పడిపోయినవాడే. ఆయన డబ్బూ పోయింది, నలుగురిలో తలెత్తుకోలేని స్థితి కూడా వచ్చింది. ఆయన్ని దోషిలా నిలబెట్టకండి. ఆయన సంగతి చివర్లో మళ్ళీ చెప్తాను.

ఇక షేర్ చేస్తే ఉపయోగమా అన్న ప్రశ్న. దీని మీద పరిశోధనలు రెండు వైపులా ఉన్నాయి, రెండూ తెలుసుకోవాలి.

కిర్క్ క్రిస్టోఫర్‌సన్, క్యాథరిన్ వైట్, జాన్ పెలోజా అనే ముగ్గురు 2014లో ప్రచురించిన అధ్యయనంలో ఒక సంగతి తేల్చారు. ఒక మంచి పనికి మద్దతుగా ఏదో ఒక చిన్న గుర్తు పెట్టుకోవడం, సంతకం పెట్టడం లాంటివి నలుగురూ చూసేలా చేసినవాళ్ళు తర్వాత అసలు సాయం అడిగితే అంతగా ముందుకు రాలేదు. అదే పని ఎవరి కంటా పడకుండా చేసినవాళ్ళు ఎక్కువగా వచ్చారు. నలుగురిలో మంచి అనిపించుకోవడంతో ఆ కోరిక అక్కడితో తీరిపోతుందన్నమాట. మీ గ్రూపులో వస్తున్న చేతులు జోడించిన బొమ్మలు ఇవే. అవి పెట్టేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు, వాళ్ళ లెక్కలో వాళ్ళ వంతు అయిపోయింది. అందుకే మా గ్రూపులో ఒక పద్ధతి పెట్టుకున్నాం. షేర్ చేసేవాళ్ళు ముందు తాము ఎంతోకొంత ఇవ్వాలి, ఎంత చిన్న మొత్తమైనా సరే. పోస్టు పైన 'నేను ఇచ్చాను, ఫలానా వాళ్ళతో ఫలానా రోజు మాట్లాడాను' అని ఒక్క వాక్యం రాయాలి. ఆ ఒక్క వాక్యంతో మా దగ్గర షేర్లు తగ్గాయి, సాయం పెరిగింది.

రెండో వైపు 2014 వేసవి. ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు కోసం జనం తలమీద ఐసు నీళ్ళు గుమ్మరించుకున్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అది పెద్ద తారలు మొదలుపెట్టిందని అనుకుంటారు గానీ, ఊపు తెచ్చింది ఆ జబ్బుతో ఉన్న ఇద్దరు యువకులు, పాట్ క్విన్, పీట్ ఫ్రేట్స్, వాళ్ళ చుట్టూ ఉన్న స్నేహితులు, బంధువులు. ఆ వేసవిలో ఒక్క ఏఎల్ఎస్ అసోసియేషన్‌కే 11.5 కోట్ల డాలర్లు వచ్చాయి. ఆ డబ్బుతో ఊతం దొరికిన పరిశోధనల్లో ఒకటి 2016లో ఎన్ఈకే1 అనే జన్యువుకు ఆ జబ్బుతో సంబంధం ఉందని కనుక్కుంది. వీడియోల కోసం చేసిన సరదా పని ప్రయోగశాల దాకా వెళ్ళిందంటే చిన్న విషయం కాదు. మరుసటి ఏడాది అదే మళ్ళీ చేద్దామంటే వచ్చింది అందులో కొంచెమే. అలాంటి అల ఒకసారి వస్తుంది, దాన్ని నమ్ముకుని ఎవరూ గ్రూపు నడపలేరు.

అల రానివాళ్ళ సంగతే నన్ను ఎక్కువగా తొలుస్తుంది. నోరా కెన్‌వర్తీ, మార్క్ ఇగ్రా అనే పరిశోధకులు 2016 నుంచి 2020 దాకా అమెరికాలో గోఫండ్‌మీలో వచ్చిన 4 లక్షలకు పైగా వైద్య విజ్ఞప్తులు పరిశీలించారు. అడిగినంత వచ్చినవి 12 శాతం కూడా లేవు. 16 శాతానికి ఒక్కటంటే ఒక్క విరాళం కూడా రాలేదు. ఉన్నవాళ్ళు ఉన్నచోట పెట్టిన విజ్ఞప్తులకు ఎక్కువ వచ్చింది, లేనివాళ్ళ మధ్య పెట్టినవాటికి తక్కువ. ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. నా స్నేహితులంతా నాలాగే చేతిలో ఏమీ లేనివాళ్ళయితే నేను ఎంత బాగా రాసుకుంటే మాత్రం ఎవరివ్వగలరు? బాగా రాయడం రాని మనిషి, ఫోన్ సరిగ్గా వాడటం రాని ముసలావిడ, అందంగా కనబడని జబ్బు, ఇవన్నీ అక్కడే ఆగిపోతాయి.

సరిగ్గా ఇక్కడే మీ 200 మంది గ్రూపు విలువ ఉంది. మీరు కొత్తగా డబ్బు పుట్టించనక్కర్లేదు. పరిచయాలు లేనివాళ్ళకు మీ పరిచయాలు అరువిస్తే చాలు. లక్షల మంది చూసిన పోస్టుకు మీ షేరు అక్కర్లేదు, అది ఎలాగూ నడుస్తుంది. ఎవరూ చూడని పోస్టు ఒకటి ఎంచుకుని దాన్ని గట్టెక్కించండి. మేము వెతికేదే 'ఇంతవరకు సున్నా' అని ఉన్న పేజీలు.

రాసే తీరు గురించి. డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టైన్, పాల్ స్లోవిక్ 2007లో చూపించిన ప్రయోగం ఒకటుంది. మాలి దేశంలోని రోకియా అనే ఏడేళ్ళ పాప గురించి చదివినవాళ్ళు సగటున 2.38 డాలర్లు ఇచ్చారు. ఆకలితో ఉన్న లక్షల మంది లెక్కలు చదివినవాళ్ళు 1.14 ఇచ్చారు. పాప కథ, లెక్కలు రెండూ కలిపి ఇస్తే 1.43 దగ్గర ఆగింది. లెక్కలు చూపిస్తే మనసులో పుట్టిన జాలి చల్లారిపోతుంది. కాబట్టి ఒక మనిషి గురించి రాయండి, ఒక్క అవసరం గురించి రాయండి. ఇది చెప్పినవెంటనే నేను హెచ్చరిక కూడా చెప్పాలి. మనుషుల కష్టం అమ్మకానికి పెట్టే సరుకు కాదు. ఆస్పత్రి మంచం మీద స్పృహలో లేని మనిషి ఫొటో మేము వేయం. పిల్లల ముఖాలు వేయం. ఆ పాప విషయంలో నేను చేసిన తప్పు అదే. రోగి కోలుకుని పదేళ్ళ తర్వాత ఈ పోస్టు చదివితే తలదించుకోవాల్సి వస్తుందా అని ఆలోచించి, వస్తుందనిపిస్తే ఆ వాక్యం కొట్టేస్తాం. రాసింది కుటుంబానికి చదివి వినిపించి, సరేనన్నాకే పెడతాం.

మొత్తం ఎంత అడగాలన్నది కూడా ముఖ్యమే. పేదవాళ్ళకు జనం చేత చిన్న చిన్న అప్పులు ఇప్పించే కివా అనే సైటులో అప్పుల లెక్కలు చూసిన పరిశోధకులు, లక్ష్యం దగ్గరపడేకొద్దీ జనం వేగంగా ఇస్తారని గమనించారు. తన చెయ్యి పడితే పని పూర్తవుతుందన్న నమ్మకం మనిషిని కదిలిస్తుంది. అందుకే పెద్ద బిల్లును ముక్కలు చేసి, ఈ వారం మందుల వరకు, వచ్చే వారం స్కానింగ్ వరకు అని అడగండి. ఎవరైనా కాస్త ఉన్నవాళ్ళు 'మీరు ఎంత ఇస్తే నేనూ అంత కలుపుతాను' అంటే తప్పకుండా ఒప్పుకోండి. డీన్ కార్లన్, జాన్ లిస్ట్ 2007లో ప్రచురించిన ప్రయోగంలో ఇలా జత కలపడం వల్ల రాబడి 19 శాతం పెరిగింది. రెండింతలు, మూడింతలు కలుపుతామన్నా అదనంగా పెరిగిందేమీ లేదు, కాబట్టి ఆ దాతను అంతకుమించి ఇబ్బంది పెట్టక్కర్లేదు.

గుప్తదానం గురించి మా గ్రూపులో పెద్ద చర్చే జరిగింది. పెద్దవాళ్ళు కొందరు పేర్లు బయటపెట్టడానికి ససేమిరా ఒప్పుకోలేదు. ఒకరు ఇచ్చింది కనబడితే వెనక వచ్చేవాళ్ళ చెయ్యి కూడా దాన్నిబట్టే సాగుతుందన్నది నిజమే. లండన్ మారథాన్‌లో పరుగెత్తినవాళ్ళ విరాళాల పేజీలు చూసిన ఆర్థికవేత్తలు కూడా అదే చెప్పారు. పెద్ద మొత్తం కనబడితే తర్వాతివాళ్ళు పెంచారు, చిన్నది కనబడితే తగ్గించారు. కానీ మాలాంటి గ్రూపులో నెల జీతం నుంచి గీచిగీచి ఇచ్చేవాళ్ళున్నారు. పక్కవాళ్ళ అంకె చూసి ఆ చిన్న మొత్తం ఇవ్వడానికి మొహమాటపడి అసలు మానేస్తారని నా భయం. చివరికి మధ్యేమార్గం పట్టాం. మొత్తం ఎంత వచ్చిందో, ఎంతమంది ఇచ్చారో రోజూ చెప్తాం. ఎవరెంత ఇచ్చారో ఇద్దరికి తప్ప తెలియదు. '63 మంది ఇచ్చారు' అన్న మాటకు చాలా బలం ఉంది. 64వ మనిషికి తాను ఒంటరిని కానన్న ధైర్యం వస్తుంది.

డబ్బు ఒక్కటే సాయం అనుకోకండి. 2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చినప్పుడు పోర్ట్-ఓ-ప్రిన్స్ నగరానికి సరైన వీధుల మ్యాపు లేదు. ఎక్కడెక్కడో ఇళ్ళలో కూర్చున్నవాళ్ళు ఉపగ్రహ చిత్రాలు చూస్తూ ఎవరైనా దిద్దగలిగే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఇంటర్నెట్ మ్యాపులో వీధి వీధీ గీసి కొద్దిరోజుల్లో సహాయక బృందాల చేతికి మ్యాపు అందించారు. అదే స్ఫూర్తితో 2014లో మిస్సింగ్ మ్యాప్స్ మొదలైంది, ఇప్పటికీ ఎవరైనా చేరి గీయొచ్చు. మా గ్రూపులో డబ్బు ఇవ్వలేని ఒక డిగ్రీ అమ్మాయి రాత్రిళ్ళు అదే చేస్తుంది. 'అక్కా, ఇవాళ ఒక ఊరు పూర్తయింది' అని మెసేజ్ పెడుతుంది. ఆ అమ్మాయి మా అందరికన్నా తక్కువ ఇచ్చిందని నేను చచ్చినా ఒప్పుకోను. మూలకణాల దాతగా పేరు నమోదు చేసుకోవడం, రక్తం ఇవ్వడం, దరఖాస్తు నింపిపెట్టడం, వేరే భాషలో ఉన్న కాగితం చదివి చెప్పడం, ఇవన్నీ సాయాలే.

వస్తువులు పంపడం మాత్రం అడిగితే తప్ప వద్దు. 2012 డిసెంబరులో అమెరికాలోని న్యూటౌన్‌లో బడిపిల్లల మీద కాల్పులు జరిగాక ప్రపంచం నలుమూలల నుంచి ఆ చిన్న ఊరికి 65,000 దాకా టెడ్డీ బొమ్మలు వచ్చిపడ్డాయి. దుఃఖంలో ఉన్న ఊరు గోదాములు వెతుక్కోవాల్సి వచ్చింది. పంపిన ప్రతివాళ్ళదీ మంచి మనసే.

లెక్కల విషయంలో నేను కాస్త మొండిదాన్ని. వీలైనంతవరకు గ్రూపు చేతిలోకి డబ్బు రానే కూడదు, నేరుగా ఆస్పత్రికో బడికో కట్టించండి. తప్పనిసరైతే వేరే ఖాతా, ఇద్దరు మనుషులు, అందరూ చూడగలిగే స్ప్రెడ్‌షీట్ ఒకటి. మాదాంట్లో నాలుగే నిలువు గడులు: తేదీ, వచ్చింది, వెళ్ళింది, రసీదు ఫొటో లింకు. రసీదు లేని వరుస ఎర్రగా ఉంటుంది. అది తెల్లబడేదాకా కొత్త పోస్టు పెట్టం. మిగిలిన డబ్బు ఏం చేస్తామో అడిగేటప్పుడే చెప్పేస్తాం, 'మిగిలితే ఇలాంటిదే ఇంకో కేసుకు వెళ్తుంది' అని. ముందు చెప్పకుండా తర్వాత నిర్ణయిస్తే ఎంత నిజాయతీగా చేసినా గొడవే.

డబ్బు ఎలా నడుస్తుందో ఉన్నదున్నట్టు చెప్పాలి, అందంగా వినబడకపోయినా. 2005లో మొదలైన కివాలో ఫొటోలోని మనిషికి మనం 25 డాలర్లు అప్పిస్తున్నట్టు కనబడేది. 2009లో డేవిడ్ రూడ్‌మన్ అనే పరిశోధకుడు, చాలావరకు ఆ అప్పు అక్కడి సంస్థ ముందే ఇచ్చేసి ఉంటుందని, మన డబ్బు ఆ సంస్థకు భర్తీగా వెళ్తుందని రాశారు. కివా వాళ్ళు ఆ మాట దాచకుండా తమ సైటులో వివరణ మార్చారు. జనం పారిపోలేదు, కివా ఇవాళ్టికీ నడుస్తోంది. నిజం చెప్తే దాతలు చెదిరిపోతారన్న భయం నాకు అప్పటితో పోయింది.

అయినా ఒకసారి నాకు చెయ్యాడలేదు. కాలేయం మార్పిడి కోసం అందరం కలిసి ఒక కుర్రాడికి డబ్బు కూడబెట్టాం. ఆపరేషన్ అయింది, తొమ్మిదో రోజున పోయాడు. గ్రూపులో అప్పటికి 'ఎలా ఉన్నాడు' అని 17 మెసేజీలున్నాయి. నాలుగు రోజులు ఏమీ రాయలేకపోయాను. చివరికి వాళ్ళమ్మగారే ఫోన్ చేసి, 'మీ వాళ్ళకి చెప్పలేదా అమ్మా? చెప్పండి, వాళ్ళు ఎదురుచూస్తుంటారు' అన్నారు. అప్పుడు రాశాను: అతను పోయాడని, ఎంత వచ్చింది, దేనికెంత కట్టాం, ఎంత మిగిలింది. ఎవరూ డబ్బు వెనక్కి అడగలేదు. మిగిలింది ముందు చెప్పినట్టే వేరే కేసుకు వెళ్ళింది. నెలనెలా కొంత ఇస్తామని ఆ వారంలోనే 11 మంది చేరారు. చెడ్డ కబురు కూడా దాచకుండా చెప్పే మనుషులని వాళ్ళకు అర్థమైంది.

ఆ నెలవారీ చందాలే మా గ్రూపును నిలబెట్టాయి. 2015 సెప్టెంబరులో సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన సిరియా పసివాడి ఫొటో ప్రపంచమంతా చూసింది. ఆ వారం స్వీడన్ రెడ్‌క్రాస్ శరణార్థుల నిధికి రోజువారీ విరాళాల సంఖ్య వందరెట్లు దాటిందని, ఆరు వారాలు తిరిగేసరికి ఆ వెల్లువ తగ్గిపోయిందని పాల్ స్లోవిక్ బృందం రాసింది. నెలనెలా ఇస్తామని అప్పుడు చేరినవాళ్ళు మాత్రం చాలావరకు నిలిచారు. కాబట్టి మనసు కరిగిన క్షణంలో పెద్ద మొత్తం అడగకండి, చిన్న మొత్తం నెలనెలా అడగండి. దానితోపాటు మీకూ ఒక హద్దు పెట్టుకోండి. మేము నెలకు రెండే కేసులు తీసుకుంటాం. మిగతావాళ్ళకు 'ఈ నెల మావల్ల కాదు' అని ఆ రోజే చెప్తాం, వేరే దారి ఏదైనా తెలిస్తే చూపిస్తాం. కాదనడం కష్టమే. రోజులకొద్దీ ఆశపెట్టి కూర్చోబెట్టడం అంతకన్నా అన్యాయం.

ఇప్పుడు మీ గ్రూపు. కొత్త పోస్టుతో మొదలుపెట్టకండి. పాతది ఇంకా మూసుకోలేదు, అక్కడి నుంచే మొదలుపెట్టాలి. బ్యాంకుకు, పోలీసులకు ఫిర్యాదు ఇవ్వకపోతే ఇవాళే ఇవ్వండి. తర్వాత గ్రూపులో ఇలా రాయొచ్చు:

'మిత్రులారా, మనం పంపిన వైద్య సాయం అబద్ధమని తేలింది. ఇంతమందిమి కలిసి ఇంత ఇచ్చాం. ఫలానా తేదీన ఫిర్యాదు చేశాం, ఇంతవరకు వెనక్కి వచ్చింది ఇంత. వచ్చినా రాకపోయినా నెలాఖరున మళ్ళీ చెప్తాం. పోస్టు పెట్టిన మన మిత్రుడూ మనతోపాటే మోసపోయాడు. ఇకమీదట మనలో ఇద్దరు స్వయంగా ఫోన్ చేసి మాట్లాడాకే ఏ విజ్ఞప్తయినా ఇక్కడికి వస్తుంది. ఆ ఇద్దరిలో ఒకరిగా ఆయనే ఉండాలని మా కోరిక. మొదటి కేసు వచ్చే వారం పెడతాం, చిన్నదే. అది ముగిశాక లెక్క ఇక్కడే చూపిస్తాం, ఆ తర్వాతే రెండోది.'

ఈ మెసేజ్ గ్రూపులో పెట్టే ముందు ఆయనకు ఫోన్ చేసి చదివి వినిపించండి. ఏదైనా మాట ఆయనకు గుచ్చుకుంటే మార్చండి.